గేదె ఎరిగిన చెయ్యి

ఊరు,
పాలకేంద్రం అరుగు మీద నుంచి

ఒసేయ్ పిడుగూ,

నవ్వి నవ్వి పక్కటెముకలు నొప్పెడుతున్నాయి. ఎవరికైనా చెప్పకపోతే పొట్ట పగిలేలా ఉంది. అందుకే ఖాళీ క్యాను బోర్లించి, దాని మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. పాల వ్యాన్ డ్రైవరు టైరు మార్చుకుంటున్నాడు. అతను మార్చడం అయ్యేలోపు నేను రాయడం అవ్వాలి. ఫోనెందుకు చెయ్యలేదని అడగకు. మా ఇంట్లో ఫోను చొక్కా జేబులో ఉంటుంది, ఆ చొక్కా ఊరంతా తిరుగుతుంది.

నిన్న పొద్దున ఎప్పటిలాగే పాలు పొయ్యడానికి వరసలో నిలబడ్డాం. అందరం ఆడవాళ్ళమే. మగవాళ్ళు ఆ వేళకి టీకొట్టు దగ్గర దేశాన్ని ఉద్ధరిస్తుంటారు కదా. గుమాస్తా కొలుస్తూ, వెన్న పరీక్ష చేస్తూ, సంఘం సభ్యులని పిలుస్తున్నాడు. ‘మేస్త్రీగారి పాలు! కమ్మరిగారి పాలు!’ గంటమ్మ వంతు వచ్చింది. గొంతు విప్పితే పక్క ఊరి కుక్కలు మొరుగుతాయే, ఆ గంటమ్మే. గుమాస్తా ఆమె మొగుణ్ణి పిలిచాడు. పాపం ఆయన పోయి ఎన్నేళ్ళయిందో నీకు తెలుసు. గంటమ్మ క్యాను కింద పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని అడిగింది కదా:

‘ఏమయ్యా, రోజూ పిలుస్తున్నావు. ఒక్కసారైనా పలికాడా?’

‘నేనేం చెయ్యను పెద్దమ్మా, సభ్యత్వం ఆయనది.’

‘ఓహో! చచ్చినోడు పాలు పోస్తున్నాడు. బతికున్నదాన్ని నేను క్యానుకి కాళ్ళలాగా వచ్చానన్నమాట!’

కమ్మరి పెళ్ళాం అందుకుంది. ‘మావి కమ్మరిగారి పాలట! ఏ పొదుగులోంచి ఇచ్చాడో చూపించమనండి, నేనూ చూస్తాను!’

ఇంక చూడాలి! గుమాస్తా చెవులు కందగడ్డలయ్యాయి. నా క్యాను ఒలికిపోయేంత నవ్వాను.

నవ్వు ఆగాక ఒక మాట అందరికీ ఒకేసారి తట్టింది. వానలు పడగానే సంఘానికి కొత్త కమిటీని ఎన్నుకుంటారు. ఓటు సభ్యులకే. ఆ కమిటీయే దాణా కొంటుంది, పశువుల డాక్టర్ని పిలిపిస్తుంది. పోయినసారి తెచ్చిన దాణా బూజు పట్టింది. బస్తా మూతి విప్పగానే వాసనకే తెలిసిపోయింది మాకు. చెబితే ఎవరు విన్నారు? కమ్మరివాళ్ళ గేదె ఆ దాణా తిని వట్టిపోయింది.

సాయంత్రం అందరం అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళాం. పాలు పోసేవాళ్ళనే సభ్యులుగా చేర్చండి అన్నాం. ఆయన ఏమన్నాడో తెలుసా? ‘ఇంటికొక్క సభ్యుడు చాలు. ఇద్దరు యజమానులుంటే గేదె ఎవరి మాట వినాలి?’ వెనక నిలబడ్డ మగాళ్ళంతా పకపకా నవ్వారు.

ఆ నవ్వు ఇంకా నా చెవిలో ఉంది. ఊరుకోబుద్ధి కావడం లేదే! ఏం చెయ్యాలో చెప్పు. నువ్వు రాసేవి చదివి పట్నంలో మగాళ్ళు పత్రిక చింపేస్తారట కదా. డ్రైవరు హారన్ కొడుతున్నాడు.

నీ పిచ్చుక



పట్నం,
పత్రికాఫీసు వెనక గది

పిచ్చుకా! నా బంగారు పిచ్చుకా!

నీ ఉత్తరం బల్లెక్కి చదివాను. మాటవరసకి అనడం లేదు, నిజంగానే ఎక్కాను. కంప్యూటర్ల ముందు అక్షరాలు కూర్చేవాళ్ళంతా పని ఆపి చప్పట్లు కొట్టారు. సంపాదకుడు పరిగెత్తుకొచ్చి ‘దిగమ్మా, ఆ బల్లకి ఒక కాలు సరిగ్గా లేదు’ అన్నాడు. ‘సరిగ్గా లేనివన్నీ కూలాల్సిందేనండీ’ అన్నాను. గంటమ్మకి నా దండం చెప్పు. నేను వ్యాసాలు రాసి రాసి చెప్పలేని మాట ఆమె క్యాను కింద పెట్టి చెప్పేసింది.

ఇంటికొక్క సభ్యుడట! సరే, ఒక్కరే ఉండనీ. ఆ ఒక్కరూ ఆడమనిషి ఎందుకు కాకూడదు? ఈ చిన్న ప్రశ్న అడిగి చూడు, పెద్దమనుషులకి వెంటనే కుటుంబ గౌరవం గుర్తొస్తుంది. ఇల్లు కూలిపోతుందంటారు. ఆడదాన్ని సభ్యురాలిగా రాస్తే కూలిపోయేంత నాసిగా ఆ ఇల్లు కట్టిందెవరు? పేడ ఎత్తేది ఎవరు? కుడితి కలిపేది ఎవరు? ఈనేటప్పుడు మోచేతుల దాకా నెత్తురులో ఉండేది ఎవరు? వీళ్ళు చేసేదల్లా పిలిస్తే పలకడం. గంటమ్మ మొగుడు అదీ చెయ్యడం లేదు, అయినా సభ్యత్వం చెక్కు చెదరలేదు!

ఇంతకీ ఎవడే ఆ అధ్యక్షుడు? ఆ ముసలాయనేనా, ఇంకెవరైనా వచ్చారా? ఎవరో రాయి. వచ్చే సంచికలో వాడి మీసాలు ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టి పీకుతాను.

అన్నయ్యని కూడా మీ వైపు కూర్చోబెట్టుకో. వాణ్ణి కట్టుకుని నాకు వదినవయ్యావు కాబట్టి చెప్పడం కాదు, మా అన్నయ్య ఊళ్ళో మిగతా మగాళ్ళ బాపతు కాదు. నాన్న నా చదువు మాన్పిస్తానంటే గడపకి అడ్డంగా నిలబడి, నన్ను సైకిలెక్కించుకుని బడికి తీసుకెళ్ళినవాడు. వాడు ఒక్క మాటంటే ఊరు వింటుంది.

అదీ కుదరకపోతే సమ్మె! పితకడం మానేయండి! ఊరు ఊరంతా పాలు బంద్! రాయి, రాయి, తొందరగా రాయి!

నీ పిడుగు



ఊరు,
మా దొడ్డి

పిడుగూ,

ముందు సమ్మె సంగతి. పితకడం మానేస్తే నొప్పి మొగుళ్ళకి రాదే తల్లీ, గేదెకి వస్తుంది. పొదుగు రాయిలా బిగుస్తుంది, జ్వరం పట్టుకుంటుంది. నోరులేని దాని మీదా మన ప్రతాపం? పట్నం వెళ్ళి ఇదంతా మర్చిపోయినట్టున్నావు.

గంటమ్మ ఇంకో దారి చెప్పింది. ‘మనం మానేదేంటి? వాళ్ళనే పితకమందాం. సభ్యుడంటే పాలు పోసేవాడే కదా. పొయ్యనీ!’ మేమంతా ఆమె మొహం చూశాం. తర్వాత ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. అప్పుడు మొదలైంది చూడు నవ్వు! గేదె సంగతి నీకు చెప్పాలా? ఎరిగిన చెయ్యి పడితే తప్ప చేపదు, పాలు వదలదు. పాలు పైకి పట్టేసి, నీ అంతు చూస్తానన్నట్టు నిలబడుతుంది. మా ఊళ్ళో గేదెలకి తెలిసిన మగ చెయ్యి పలుపు విప్పేదొక్కటే. దూడలని మాత్రం రోజంతా కట్టకుండా వదిలేద్దామని అనుకున్నాం. అవి తాగినంత తాగితే పొదుగులకి బాధ ఉండదు.

ఇక రెండో సంగతి. పోయిన ఉత్తరంలో దాటేశాను. అధ్యక్షుడెవరని అడిగావు. పాతాయన మోకాళ్ళ నొప్పులని తప్పుకున్నాడు. ఆ కుర్చీలో ఇప్పుడు మీ అన్నయ్య ఉన్నాడు. గేదె ఎవరి మాట వినాలని అడిగి ఊరంతటినీ నవ్వించింది నా మొగుడే.

ఇంటికొచ్చాక అడిగాను. ‘నన్నే ఎందుకండీ నవ్వులపాలు చేశారు?’

‘నిన్నెక్కడన్నాను, అందర్నీ కలిపి అన్నాను.’

‘అందరిలో నేను లేనా?’

‘నా పెళ్ళామే నా ఎదురుగా వచ్చి నిలబడితే ఊళ్ళో నా మొహం ఎక్కడ పెట్టుకోను?’

‘ఇప్పుడెక్కడుందో అక్కడే పెట్టుకోండి. ఎవరూ తియ్యమనలేదు.’

కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు.

చెడ్డవాడని నేననను. కొట్టడు, తాగడు. ‘ఎంత మంచి మొగుడే’ అంటారు ఊళ్ళో. మగాళ్ళకి చెయ్యని తప్పులకి కూడా బిరుదులిస్తారు. కానీ ఈ ఇంట్లో నేను దాణా మార్చాలన్నా ఆయనే సెలవివ్వాలి, పుట్టింటికి వెళ్ళాలన్నా ఆయనే సెలవివ్వాలి. గేదె ఈనేటప్పుడు మాత్రం చెయ్యి నాది, పక్కన నిలబడి కాల్చే బీడీ ఆయనది.

ఎవరో తెలిసింది కదా. ఇంక పీకు మీసాలు. నీ వ్యాసం వస్తే పాలకేంద్రం గోడకి అంటిస్తానని కమ్మరి పెళ్ళాం అప్పుడే జిగురు కూడా సిద్ధం చేసింది!

నీ పిచ్చుక



పట్నం

వదినకి,

ఉత్తరం అందింది. పత్రిక పనుల వల్ల జవాబు ఆలస్యమైంది.

అన్నయ్య అధ్యక్షుడైన సంగతి నాకు తెలియదు. సంతోషం. కొత్త పదవి కాబట్టి చుట్టూ చేరినవాళ్ళు ఏవో ఎక్కిస్తూ ఉండొచ్చు. వాడి మనసు వెన్న, ఆ సంగతి నీకూ తెలుసు. నలుగురిలో నిలదీస్తే ఏ మగవాడికైనా పంతం వస్తుంది. ఇంట్లో, కాస్త ప్రసన్నంగా ఉన్నప్పుడు, మెల్లగా చెప్పి చూడు. అందరితో కలిసి వాణ్ణి దొడ్లోకి దించి పితికించడం అంటే ఊళ్ళో తలవంపులు కదా. మన ఇంటి విషయం కూడా చూసుకోవాలి.

ఈ సంచికకి వేరే అంశం మీద రాస్తున్నాను. ఆరోగ్యం జాగ్రత్త. అన్నయ్యని అడిగానని చెప్పు.

మీ ఆడపడుచు



ఊరు

పట్నంలో ఉన్న ఆడపడుచుగారికి,

వదిన రాయునది. మేమందరం క్షేమం. తమరు బల్ల దిగినట్టు తెలిసింది. కాళ్ళకి దెబ్బలేవీ తగల్లేదు కదా?

ప్రసన్నంగా ఉన్నప్పుడు చెప్పాలా! యజమాని ప్రసన్నంగా ఉన్నప్పుడు కూలి అడుక్కోండని నీ వ్యాసాల్లో ఒక్కసారైనా రాశావా? రాయవు. ఎందుకంటే ఆ యజమాని మీ అన్నయ్య కాడు. ఇల్లు అంత నాసిగా కట్టిందెవరని అడిగావు. మీ ఇల్లు అనేసరికి గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డావు, కూలకుండా!

ఒక మాట చెబుతాను విను. ఈ ఊళ్ళో ప్రతి మగాడూ ఎవరో ఒకామెకి అన్నయ్యే. కమ్మరి చెల్లెలు కూడా మా అన్నయ్య మనసు వెన్న అంటుంది. మేస్త్రీ చెల్లెలు మొన్నొచ్చి అదే పాట పాడి వెళ్ళింది. ఎవరిని కదిపినా వెన్నే. ఇంత వెన్న ఉన్న ఊళ్ళో చిలికేది మాత్రం మేము!

నిన్ను సైకిలెక్కించుకుని వెళ్ళిన మాట నిజం. ఊరంతా చెప్పుకున్నారు, ఇప్పటికీ చెప్పుకుంటారు. నువ్వు సైకిలెక్కిన ఆ పొద్దుటి వేళల్లో మీ గేదెని పితికిందెవరు? అత్తయ్య నడుం పట్టేసి మంచం మీద ఉండేది. నీ వంతు పీట మీద పక్కింటి పిల్ల కూర్చుంది. నా బడి అక్కడే ఆగింది. దాన్ని నేనెప్పుడూ త్యాగం అనుకోలేదు, మా పిడుగు కోసం అనుకున్నాను. ఇన్నేళ్ళలో ఎత్తి పొడవలేదు, ఇవాళ పొడుస్తున్నాను. తొక్కినవాడిని గుర్తు పెట్టుకున్నావు, పితికినదాన్ని మర్చిపోయావు. నీకూ ఆ గుమాస్తాకీ తేడా ఏంటో నువ్వే చెప్పు.

రేపు పొద్దున మొదలు. మీ అన్నయ్య కూడా పితుకుతాడు. ఎవరి తల ఎంత వంగుతుందో చూస్తాం. నువ్వు జవాబు రాయక్కర్లేదు.

ఇట్లు,
మీ అన్నగారి భార్య



పట్నం,
వ్యాన్ బయల్దేరే చోటు

పిచ్చుకా,

రాయద్దన్నావు. రాస్తున్నాను. నువ్వు చింపేసినా సరే, చదివి చింపు.

నీ ఉత్తరానికి జవాబు కోసం వెతికాను. వాదించడమే నా బతుకుతెరువు కదా, ఎక్కడో ఒక సందు దొరుకుతుందనుకున్నాను. దొరకలేదు. ఆ గుమాస్తాకీ నాకూ ఒకటే తేడా. అతనికి చెవులు కందుతాయి. నేను బల్లెక్కి ఉపన్యాసం ఇస్తాను.

క్షమించమని అడగను, అది నీకు ఇంకో చాకిరీ. వేరే అంశం మీద రాసిన వ్యాసం చింపేశాను. కొత్తది రాశాను. ‘ఈ అధ్యక్షుడు మా అన్నయ్య’ అన్నదే అందులో మొదటి వాక్యం. అచ్చు కాకముందే అన్నయ్యకీ ఉత్తరం రాసి ఇదే వ్యాన్‌లో పంపుతున్నాను. వాడికి ఏం రాశానో నీకు తెలియకుండా ఉండకూడదు కాబట్టి ఇదిగో, ఒక్క ముక్క మార్చకుండా:

“అన్నయ్యా, నువ్వు నన్ను చదివించావని ఇన్నేళ్ళుగా ప్రతి సభలో చెప్పాను. సగమే చెప్పాను. ఆ సైకిల్ ముందు చక్రం నువ్వైతే వెనక చక్రం మన దొడ్లో పక్కింటి పిల్ల చేతుల్లో తిరిగింది. నాన్నకి అడ్డంగా నిలబడ్డప్పుడు నువ్వు అడిగిన ప్రశ్న నాకు గుర్తుంది: ‘ఆడపిల్లయితే ఏం?’ ఇప్పుడు అదే ప్రశ్న నీ పెళ్ళాం అడుగుతోంది. ఆ రోజు నాన్న చెప్పిన జవాబే ఇవాళ నువ్వూ చెబుతున్నావు. చెల్లెలికి ఇచ్చింది పెళ్ళానికి ఇవ్వడానికి చెయ్యి రాకపోతే అది ఇవ్వడం కాదు, ముద్దు చెయ్యడం. నేను వదిన వైపు ఉన్నాను. ఊరి ముందూ, పత్రికలోనూ, ఇంట్లోనూ. కోపం వస్తే నా మీదే చూపించు. నీ చెల్లెలు.”

ఎన్నాళ్ళకో నిజంగా ఏదో రాశాననిపిస్తోంది! మీ దగ్గర ఏం జరుగుతోంది? పితికారా? గేదెలు ఏమన్నాయి? ఒక్క ముక్కైనా రాయి, తిడుతూనైనా రాయి!

పిడుగు



ఊరు,
మళ్ళీ పాలకేంద్రం అరుగు

ఒసేయ్ పిడుగూ! పిడుగూ! పిడుగూ!

ఎక్కడ మొదలుపెట్టను? తిట్లు తర్వాత తిడతాను, ముందు ఇది విను.

మొదటి రోజు పొద్దున చెంబులూ బకెట్లూ దొడ్డి గుమ్మాల్లో పెట్టేసి అందరం వచ్చి ఈ అరుగెక్కి కూర్చున్నాం. మగాళ్ళు నవ్వారు. ‘పాలు పితకడం ఏమన్నా బ్రహ్మవిద్యా?’ అన్నాడు మేస్త్రీ. కాసేపటికి ఆయనే కుడితి తొట్లోంచి లేచి రావడం ఊరంతా చూసింది. గేదె ఒక్క తాపు తన్నిందంతే! కమ్మరి చేతులు నీకు తెలుసు, ఇనుము వంచే చేతులు. ఆ పట్టుకి గేదె పలుపు తెంచుకుని, ఆయన్నీ పీటనీ దాటుకుని, సరాసరి మా అరుగు దగ్గరికొచ్చి కమ్మరి పెళ్ళాం భుజం నాకింది. ‘నాకు చెప్పుకుని ఏం లాభమే, నేను సభ్యురాల్ని కాదు’ అంది ఆవిడ. ఆ రోజు వ్యాన్ దాదాపు ఖాళీగా వెళ్ళింది. దూడలు మాత్రం పొట్టలు డప్పుల్లా చేసుకుని తిరిగాయి.

సాయంత్రం ఎవరో ముసలావిడ జాలిపడి మగాళ్ళకి ఉపాయం చెప్పింది. ‘పెళ్ళాల ఉతకని బట్టలు కట్టుకోండ్రా, ఆ వాసనకి గేదె మోసపోతుంది.’ ఇంకేముంది! మర్నాడు తెల్లారేసరికి వీధి నిండా మీసాలున్న ఆడవాళ్ళు! తలల మీద ముసుగులు, చేతుల్లో చెంబులు, అడుగడుక్కీ తట్టుకుని పడటం. గంటమ్మ అరుగు మీద నుంచి పలకరిస్తోంది: ‘ఏం వదినా, ఇంట్లో అన్నయ్య బాగున్నాడా?’ నాకు ఊపిరి ఆడలేదు.

మీ అన్నయ్య సంగతికొస్తున్నా, ఉండు. గోడ మీద నుంచి చూశాను. నా బట్టలు కట్టుకుని, ముసుగేసుకుని, పీటేసుకుని కూర్చున్నాడు. పితికేటప్పుడు నేను కూనిరాగం తీస్తాను కదా, అదీ తీశాడు! గేదె వాసన చూసింది. సరేలే అనుకుంది. పొదుగు దించబోయింది కూడా. అంతలో ఆయనకి బీడీ దగ్గు వచ్చింది. గేదె ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. తర్వాత బకెట్ ఎక్కడుందో, ఆయనెక్కడున్నాడో నేను చెప్పను.

పేడ తుడుచుకుంటూ, ఒంటి మీద ఏముందో మర్చిపోయి వీధిలోకి వచ్చాడు. అప్పుడే నీ ఉత్తరాలతో వ్యాన్ వచ్చింది. డ్రైవరు ముసుగు చూసి, ‘అక్కా, కాస్త ఈ ఉత్తరం అధ్యక్షుడుగారికి ఇవ్వరూ’ అన్నాడు.

నవ్వాను. చాలాసేపు నవ్వాను. కానీ ఆయన అక్కడే, నడివీధిలో, నా బట్టల్లోనే నిలబడి నీ ఉత్తరం చదివాడు. మొదటిసారి చదివాక మళ్ళీ చదివాడు. ఊరంతా చూస్తోంది. ముసుగు తీసి, మడిచి, నా చేతికిచ్చాడు.

‘గేదె ఎవరి మాట వినాలో తెలిసిందా?’ అని అడిగాను.

‘తెలిసింది. ముందు దాన్ని పితుకు. అరుస్తోంది’ అన్నాడు.

‘పితుకుతాను. ఎవరి పాలని పోయించుకుంటారు?’

అప్పుడు అందరి ముందూ చెప్పాడు. ‘ఎవరు పితికితే వాళ్ళవి.’ మెల్లగా అన్నాడు. ‘వినపళ్ళేదు!’ అంది గంటమ్మ. మళ్ళీ అన్నాడు, గట్టిగా.

సాయంత్రం సంఘం కూర్చుంది. తగువులు, అలకలు, ఒకాయన కుర్చీ కూడా విసిరాడు. అయినా తీర్మానం అయ్యింది! పాలు పోసేవాళ్ళు కూడా సభ్యులు కావచ్చు. కావాలి అని కాదు, కావచ్చు అని. ఆ ఒక్క ముక్క దగ్గర కొట్టుకుని ఓడిపోయాం. అందుకే మేస్త్రీ ఇంకా ఒప్పుకోలేదు. ఆయన పెళ్ళాం రోజూ నా పక్కనే నిలబడి ‘మేస్త్రీగారి పాలు’ పోస్తోంది, తల ఎత్తదు. నీ వ్యాసంలో ఈ సంగతి కూడా రాయి. గెలిచామని మాత్రమే రాశావో, పట్నం వచ్చి ఆ బల్ల మీద నుంచి తోసేస్తాను.

నీ మీద కోపం పోయిందా అంటే పూర్తిగా పోలేదు. పితికిన చెయ్యి కదా, గట్టిగా పట్టుకుంటుంది. కానీ నీ ఉత్తరం చింపలేదు.

అసలు సంగతి ఇప్పుడు చెబుతున్నాను. కమిటీ ఎన్నికలొచ్చాయి. గంటమ్మ అధ్యక్ష పదవికి నిలబడింది! మీ అన్నయ్య మీద! ఆయన మొన్నటి నుంచి నాతో మహా మర్యాదగా ఉంటున్నాడు. ఇందాక వాకిట్లో కూర్చుని, గొంతు సవరించుకుని అడిగాడు:

‘మరి, నీ ఓటు నాకేగా?’

‘ఎందుకెయ్యాలి?’ అన్నాను.

పెంకితనానికి అనలేదే, నిజంగానే అడిగాను. నువ్వు కూడా ఎవరికెయ్యాలో నాకు చెప్పకు. ఆయన ‘ఎంతైనా...’ అని మొదలుపెట్టి, మిగతాది మింగేశాడు. చెయ్యి గడ్డం కింద పెట్టుకున్నాడు. పెళ్ళయినప్పటి నుంచి నేనడిగిన ప్రశ్నకి ఆయన కూర్చుని జవాబు వెతకడం ఇదే మొదటిసారి.

నేను క్యాను తీసుకుని ఇక్కడికి వచ్చేశాను. పాలు పోసేశాను. ఈ ఉత్తరమూ రాసేశాను. ఇక్కడి నుంచి మా వాకిలి కనిపిస్తుంది. ఆయన ఇంకా అలాగే కూర్చుని ఆలోచిస్తున్నాడు.

నీ పిచ్చుక